గుడ్డరెక్కల విమానం డెలానీపూర్‌కు వస్తుందా?

పోర్ట్ బ్లెయిర్‌లో డెలానీపూర్ వాళ్లకు విమానాలు వింత కాదు. మేడ మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు కూడా ఏదో ఒకటి దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. మా పక్కింట్లో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఉంది. వాళ్లబ్బాయి ఎనిమిదో తరగతి. ఒక సాయంత్రం ఫోన్‌లో టైగర్ మాత్ బొమ్మ చూపించి అడిగాడు: "అక్కా, ఇది మన ఊరికి ఎగిరి రాగలదా?"

రెండు జతల రెక్కలు, ముందు చెక్క ప్రొపెల్లర్, పైకప్పు లేని రెండు సీట్లు. మేడ మీదే లెక్క వేశాం. టైగర్ మాత్ ట్యాంకులో పట్టేది సుమారు 86 లీటర్ల పెట్రోలు. గంటకు 30 లీటర్లు తాగుతూ 145 కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే, మూడు గంటల్లోపే ట్యాంకు ఖాళీ. అంటే నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి మనకు నేరుగా చూసినా 1,200 కిలోమీటర్ల సముద్రం. మూడో వంతు దూరంలోనే కథ ముగుస్తుంది. వాడి ముఖం చిన్నబోయింది.

అయినా ఇలాంటి విమానాలను ఇప్పటికీ ఎగరేసేవాళ్లు ప్రపంచంలో వేల మంది ఉన్నారు. అమెరికాలో 1953లో మొదలైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ 1970 నుంచి ఏటా ఆష్‌కాష్‌లో పెద్ద మేళా జరుపుతోంది. పాత విమానాలకు అక్కడ వయసును బట్టి వర్గాలున్నాయి. 1945 ఆగస్టు చివరికి తయారైనవి ఒక వర్గం, 1955 దాకా వచ్చినవి ఇంకొకటి, ఆ తర్వాతవి వేరొకటి. బ్రిటన్‌లో ఒక్క డి హావిలాండ్ మాత్ విమానాల కోసమే ఒక క్లబ్ ఉంది. ఇంజిన్ భాగం దొరక్కపోతే ఎవరి షెడ్డులో ఉందో చెప్పేది, పాత నక్షా జాగ్రత్త చేసేది, తప్పు చేస్తే మొహమాటం లేకుండా తిట్టేది ఇలాంటి సంఘాలే.

ఆ తిట్లు ఎక్కువగా నేల మీద జరిగే పొరపాట్లకే పడతాయి. ఈ విమానాలకు రెండు పెద్ద చక్రాలు ముందు, తోక కింద ఓ చిన్న చక్రమో, ఈడ్చుకుంటూ పోయే స్కిడ్డో ఉంటుంది. గరిమనాభి ఆ పెద్ద చక్రాలకు వెనక పడుతుంది. బరువంతా వెనక ఉన్న బండిని ముందు చక్రాల మీద వేగంగా తోస్తే ఏమవుతుంది? కాస్త పక్కకు తిరిగిందంటే వెనక బరువు ఆ తిరుగుడును ఇంకా పెంచుతుంది. దిగిన విమానం క్షణాల్లో గిర్రున తిరిగి రెక్క కొనను నేలకు రాస్తుంది. ఆధునిక విమానాల్లో ముక్కు కింద చక్రం పెట్టి, గరిమనాభిని పెద్ద చక్రాలకు ముందుకు తెచ్చాక ఈ బెడద చాలావరకు తగ్గింది. పాతవాటిలో మాత్రం ఆగేదాకా కాళ్లు చుక్కాని పెడళ్ల మీద ఆడుతూనే ఉండాలి.

అసలు పని హ్యాంగర్లో ఉంటుంది. రెక్క అస్థిపంజరం చెక్క, పైన గుడ్డ. ఒకప్పుడు నార బట్ట బిగించి, డోప్ అనే ఘాటైన ద్రవం పూత పూస్తే అది ఆరుతూ మద్దెల చర్మంలా బిగిసేది. ఇప్పుడు చాలామంది పాలిస్టర్ గుడ్డ వాడుతున్నారు. దాన్ని ఇస్త్రీ పెట్టెతో, వేడి కొలుచుకుంటూ, బిగిస్తారు. తర్వాత ఒక్కో పక్కటెముక దగ్గర పొడవాటి సూదితో దారం దూర్చి ముడి వేయాలి. ముడి తప్పితే గాలి చూషణకు గుడ్డ పైకి లేస్తుంది. పుస్తకంలో బొమ్మ ఉంటుంది కానీ, ఎంత లాగితే సరిపోతుందో నేర్పేది పక్కన నిలబడ్డ పెద్దాయనే.

జిగురు మరీ మొండి సమస్య. పాతకాలపు చెక్క విమానాల్లో పాల నుంచి తీసిన కేసీన్ జిగురు విరివిగా వాడారు. తేమ తగిలితే దానికి బూజు పడుతుంది, పట్టు సడలుతుంది. 1944లో మన దేశంలో పనిచేస్తున్న మస్కిటో అనే చెక్క యుద్ధవిమానాల రెక్కలు విఫలమవడంతో వాటిని కొంతకాలం నేల మీదే ఉంచారు. తప్పు వాతావరణానిదా, తయారీదా అని అప్పుడు పెద్ద చర్చే జరిగింది. నా స్కూటర్ చైను ఇక్కడ ఒక్క వర్షాకాలంలో ఎర్రబడటం చూశాక, వాతావరణాన్ని పూర్తిగా నిర్దోషి అనలేను. 2011 ప్రాంతంలో మన దీవుల్లో తిరిగిన జల్ హన్స్ నీటివిమానం లోహంతో చేసినదే. అలాంటివాటిని కూడా ఉప్పు వదిలేదాకా మంచినీటితో కడగాలి. వేసవిలో కుళాయి నీళ్లకు ఎదురుచూసే ఊళ్లో అది చిన్న ఖర్చు కాదు.

మనకు ఈ సంప్రదాయం లేదనుకోవద్దు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ బేగంపేటలో కుర్రాళ్లు విమానం నడపడం నేర్చుకున్నది టైగర్ మాత్‌ల మీదే. 1958లో తొలిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ పుష్పక్, ఉక్కు గొట్టాల మీద గుడ్డ కప్పిన రెండు సీట్ల బుల్లి విమానం, తర్వాత దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరానికి ఓనమాలు దిద్దించింది. 1982లో జేఆర్‌డీ టాటా, 78 ఏళ్ల వయసులో, తన 1932 నాటి కరాచీ–బొంబాయి టపా ప్రయాణాన్ని లెపర్డ్ మాత్‌లో మళ్లీ చేశారు. 2012 వైమానిక దళ దినోత్సవంలో టైగర్ మాత్ ఎగిరింది. అయితే దాన్ని బాగుచేయించింది బ్రిటన్‌లో. నాకు గుచ్చుకునేది ఇదే. విమానాలు మ్యూజియాల్లో దొరుకుతాయి. ముడి వేసే చేతులు దొరకవు.

ఇంధనం చిక్కు కొంత తీరింది. ఈ ఇంజిన్లకు కావలసిన ఏవ్‌గ్యాస్‌ను ఇండియన్ ఆయిల్ 2022లో గుజరాత్ రిఫైనరీ నుంచి దేశీయంగా విడుదల చేసింది. కానీ పుష్పక్ ఇంజిన్ తక్కువ ఆక్టేన్ పెట్రోలుకు రూపొందింది. ఇప్పటి ఇంధనంలోని సీసం దాని స్పార్క్ ప్లగ్గుల్లో పేరుకుంటుంది, తరచూ విప్పి తుడవాలి.

వారం తర్వాత ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. లెపర్డ్ మాత్ రెక్కలు వెనక్కి మడుచుకుంటాయని ఎక్కడో చదివాడట. నిజమే, టైగర్ మాత్‌కు లేని సౌకర్యం అది. "అయితే ఎగరక్కర్లేదక్కా! మడిచి విశాఖలో ఓడెక్కిద్దాం. మూడు రోజుల్లో హాడో జెట్టీలో దింపేస్తారు." బాగానే ఉంది అన్నాను. కాసేపు ఆలోచించి వాడే అడిగాడు: "మరి ఇక్కడ రెక్కలు విప్పి, గుడ్డ సరిగ్గా ఉందో లేదో చూసేదెవరు?"