హిజాబ్‌తో ప్రపంచ కప్ మైదానంలోకి

2023 జూలై 30న ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో, మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో భాగంగా మొరాకో జట్టు దక్షిణ కొరియాతో తలపడింది. మొరాకో రక్షణ శ్రేణిలో నుహైలా బెంజినా హిజాబ్ ధరించి ఆడారు. సీనియర్ మహిళల ప్రపంచ కప్ చరిత్రలో హిజాబ్‌తో ఆడిన తొలి క్రీడాకారిణి ఆమే. ఆ కప్‌కు అర్హత సాధించిన తొలి అరబ్బు దేశం మొరాకో. తొలి మ్యాచ్‌లో జర్మనీ చేతిలో 0-6 తేడాతో ఓడిన ఆ జట్టు కొరియాపై 1-0తో, ఆపై కొలంబియాపై 1-0తో నెగ్గింది. జర్మనీ ఇంటిముఖం పట్టగా మొరాకో తదుపరి దశకు చేరుకున్నది.

ఈ విజయానికి ముందు ఎన్నో ఏళ్ల నిరీక్షణ ఉన్నది. 2007లో కెనడాలోని క్యూబెక్‌లో 11 ఏళ్ల ముస్లిం బాలికను హిజాబ్ ధరించినందుకు మైదానం నుండి పంపివేశారు. ఆ తరువాత అంతర్జాతీయ పోటీలలో సైతం హిజాబ్‌కు అనుమతి లేకపోయింది. తలవస్త్రం మెడకు బిగుసుకుంటే ప్రమాదమన్నది చూపిన కారణాలలో ఒకటి. 2011 జూన్ 3న జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒలింపిక్ అర్హత పోటీకి వచ్చిన ఇరాన్ జట్టును ఈ నియమం పేరిట ఆడనివ్వలేదు. బంతి కదలకుండానే 3-0తో ఓడినట్లు ప్రకటించారు. మైదానంలో ఆ యువతులు కన్నీరు పెట్టుకున్నారు.

అయితే కన్నీటితోనే కథ ముగియలేదు. నాడు ఫిఫా ఉపాధ్యక్షులుగా ఉన్న జోర్డాన్ రాకుమారుడు అలీ బిన్ అల్ హుసైన్ ఈ సమస్యను ఆట నియమాలు నిర్ణయించే మండలి ముందుంచారు. లాగితే సులభంగా ఊడివచ్చే తలవస్త్రాలను రూపొందించి, ప్రమాదమన్న వాదనకు సమాధానం చెప్పారు. మండలి 2012 జూలైలో ప్రయోగాత్మకంగానూ, 2014 మార్చి 1న శాశ్వతంగానూ అనుమతినిచ్చింది. సిక్కు సోదరుల తలపాగాకూ అదే నిర్ణయం వర్తించింది. సహనమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదనీ, న్యాయమైన మాటను ఆధారాలతో, పట్టుదలతో వినిపించడమనీ దీని నుండి మనం గ్రహించాలి.

ఇంకా దాటవలసిన అడ్డంకులున్నాయి. అదే ప్రపంచ కప్‌లో మొరాకోను ఓడించిన ఫ్రాన్స్‌లో, ఫుట్‌బాల్ సమాఖ్య తన పోటీలలో హిజాబ్‌ను నిషేధించింది. కప్ ఆరంభానికి మూడు వారాల ముందు, 2023 జూన్ 29న, ఆ దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ నిషేధాన్ని సమర్థించింది. ధర్మమా, ఆటా ఏదో ఒకటే ఎంచుకోమని అక్కడి ముస్లిం బాలికలను నేటికీ నిలదీస్తున్నారు.

మరి మన ఇళ్లలో ఆ ప్రశ్న మనమే వేయడం లేదా? దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెంలో పాల్గొన్నారని హదీసు ద్వారా తెలుస్తున్నది. దేహారోగ్యం అల్లాహ్ అప్పగించిన అమానతు. అది కుమారులకే కాదు, కుమార్తెలకూ అప్పగించినదే. ఆడుకోవాలని కోరే అమ్మాయిని వద్దని వారించే ముందు తగిన దుస్తులు, అనువైన స్థలం, వీలైతే మహిళా శిక్షకురాలు లభించే మార్గం వెతకడం తల్లిదండ్రులుగా మన బాధ్యత.

అల్లాహ్ మన కుమార్తెలకు ఆరోగ్యాన్నీ, హయానూ, ఆత్మస్థైర్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.