నీళ్ళు మానేస్తే పూసే పూలు

1981లో వచ్చిన ‘సిల్సిలా’ సినిమా చూశారా? అమితాబ్, రేఖ పాట పాడుకుంటూ రంగురంగుల పూల మళ్ళ మధ్య తిరుగుతారే, ఆ తోట హాలెండులోని కుకెన్‌హాఫ్. ఆ పూలు తులిప్‌లు. మన పెరట్లో అలాంటివి నాలుగుంటే ఎంత బావుణ్ణు అనుకోనివాళ్ళుండరు. నేనూ అనుకున్నాను. అనుకోవడమేమిటి, ఓసారి ఇంటి ముందుకొచ్చిన పూలమొక్కలతను ‘తులిప్ దుంపలండీ’ అంటే నమ్మి అరడజను కొన్నాను కూడా. పాతాను, నీళ్ళు పోశాను, ఎదురుచూశాను. ఉగాదికి తవ్వి చూస్తే మెత్తగా కుళ్ళిన ముద్ద తప్ప ఏమీ లేదు!

తప్పంతా అతనిదే అనను లెండి. తులిప్, క్రోకస్ లాంటి దుంపలకి పది డిగ్రీల లోపు చలి ఇంచుమించు మూడు నెలలు తగిలితేగానీ లోపలి మొగ్గ సరిగా బయటికి రాదు. కాశ్మీరులో మంచు కురుస్తుంది కనుక 2007లో శ్రీనగర్‌లో డాల్ సరస్సు దగ్గర అంత పెద్ద తులిప్ తోట తెరవగలిగారు. మన అమలాపురంలో, రాజోలులో భోగిమంటల వేళ కూడా అంత చలి రాదు కదా!

అలాగని దిగులు పడక్కర్లేదు. దుంప అంటే మొక్క తనకోసం కట్టి దాచుకున్న చద్దిమూట. గడ్డురోజుల్లో ఆకులు రాల్చేసి, ఆ మూట పెట్టుకుని మట్టిలో పడుకుంటుంది. చలిదేశాల దుంపకి గడ్డురోజులంటే మంచు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా దుంపలకి గడ్డురోజులంటే వానలేని కాలం. ఈ రెండో రకమే మనకి పనికొచ్చేది. వీటిని నిద్రపుచ్చాలంటే చలి అక్కర్లేదు, నీళ్ళు ఆపితే చాలు.

కోనసీమ ఆడవాళ్ళకి కష్టమైన పని సరిగ్గా అదే. మనది నీళ్ళ సీమ. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ. పొద్దున్నే చెంబుడు నీళ్ళు పొయ్యకపోతే మొక్కకి అన్యాయం చేశామనిపిస్తుంది. ఆ జాలే దుంపల్ని చంపేది.

నాకు బాగా అచ్చివచ్చినవి మూడు. మొదటిది నర్సరీలవాళ్ళు అమరిల్లిస్ అని అమ్మే పెద్ద ఎర్ర లిల్లీ. అసలు పేరు హిప్పియాస్ట్రమ్. కార్తీకం వానలు వెళ్ళాక కుండీని చూరు కిందకి జరిపి నీళ్ళు ఆపెయ్యండి. ఆకులు పసుపెక్కి వాడిపోతాయి, కంగారు పడకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు అలా ఎండబెట్టి, మాఘమాసంలో పైమట్టి మార్చి ఒకసారి నిండా నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. కొన్ని వారాల్లో బొటనవేలంత లావు కాడ లేస్తుంది. పాతేటప్పుడు దుంప మెడ మట్టిపైకి కనబడుతూ ఉండాలి సుమా, పూర్తిగా పూడ్చేస్తే కుళ్ళుతుంది.

రెండోది ఫుట్‌బాల్ లిల్లీ. ఇది ఆఫ్రికాది. చలికాలమంతా కుండీలో ఏమీ లేనట్టే ఉంటుంది. ఖాళీ కుండీ అనుకుని మా ఇంట్లో ఓసారి అందులో కొత్తిమీర కూడా చల్లేశారు! కాలువలు కట్టేసి, మామిడికాయలు ఆవకాయకి దిగే రోజుల్లో వట్టి మట్టిలోంచి కాడ పొడుచుకొస్తుంది. ఆకు తర్వాత వస్తుంది. కాడ చివర చిన్నచిన్న ఎర్రపూలు వందకి పైగా కలిసి గుండ్రని బంతిలా విచ్చుకుంటాయి. దుంపకి ఏడాదికి ఒక్కటే బంతి. ఇది కొబ్బరిచెట్ల పలచని నీడలో కూడా హాయిగా ఉంటుంది, ఎటొచ్చీ ఏటా తవ్వి కదిలిస్తే అలుగుతుంది.

మూడోది వానలిల్లీ, అందరికీ తెలిసిందే. రెండు మూడు వారాలు ఎండగట్టి ఒక్కసారి తడిపితే, వాన పడిందనుకుని పూసేస్తుంది పిచ్చిది.

ఈ దుంపలు కడియపులంక నర్సరీల్లో దొరుకుతాయి. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటితే ఎంతో దూరం కాదు. చేత్తో నొక్కితే గట్టిగా, పరిమాణానికి తగ్గ బరువుగా ఉన్నవే ఏరుకోండి. మన ఒండ్రుమట్టి నీళ్ళు పట్టి ఉంచుతుంది కాబట్టి దానికి సమానంగా గోదావరి ఇసుక, చివికిన గత్తం, గుప్పెడు వేపపిండి కలపండి. ఊరికే దొరుకుతోంది కదా అని కొబ్బరి పొట్టు కుమ్మరించకండి, అది తడి వదలదు. లంకల్లో ఉండేవాళ్ళు కుండీల్లోనే వేసుకోవడం మేలు. 2022 జూలై వరదకి లంక గ్రామాల పెరళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. కుండీ అయితే ఎత్తి మేడమీద పెట్టుకోవచ్చు.

వానాకాలంలో నల్లటి ఒంటిమీద తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళిపురుగు ఆకుల్ని తినేస్తుంది. సాయంత్రం పుల్లతో ఏరి సబ్బునీళ్ళలో వేస్తే సరి.

ఇక అసలు జాగ్రత్త. ఓ ఏడు తవ్వితీసిన దుంపల్ని బుట్టలో పోసి వంటింటి అటక మీద ఆరబెట్టాను. నేను చెరువుకి వెళ్ళొచ్చేసరికి మా అత్తయ్యగారు కత్తిపీట ముందు కూర్చుని ఒకదాన్ని బెండకాయ పులుసులోకి తరిగేస్తున్నారు. “అమ్మాయ్, ఇదేం ఉల్లిపాయే, కళ్ళమ్మట నీళ్ళే రావట్లేదు?” అన్నారు. నా గుండె జారిపోయింది. అప్పటికింకా పులుసులో వెయ్యలేదు కాబట్టి సరిపోయింది. ఈ దుంపల్లో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. తింటే కడుపులో తిప్పడం, వాంతులు, విరేచనాలు. పసిపిల్లలకైతే మరీ ప్రమాదం. ఉడికిస్తే పోతుందని నమ్మకండి. ఉల్లి ఘాటు లేకపోవడమే గుర్తు. పొరపాటున ఎవరైనా తింటే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, మిగిలిన ముక్క కూడా పట్టుకెళ్ళండి. పశువుల నోటికీ అందనివ్వకండి.

ఇప్పుడు మా దుంపలబుట్ట వంటింటి ఛాయల్లో ఉండదు. వీధివైపు గది దూలానికి, ఎవరి చేతికీ అందకుండా, ఎర్రగుడ్డ కట్టి వేలాడుతుంది.