నలుగురి పేరూ వేశారు... ముప్పై ఒక్కేళ్ళు నిలిచారు!

పులిహోర బాగా కుదిరిందనుకోండి, తిన్నవాళ్ళు ఏమంటారు? "పోపు ఎవరు వేశారండీ, ఘుమఘుమలాడిపోతోంది!" అంటారు. చింతపండు నానబెట్టి పులుసు తీసినవాళ్ళనీ, అన్నం పలుకు పలుకుగా వండి పళ్ళెంలో ఆరబెట్టినవాళ్ళనీ ఎవరూ అడగరు. నలుగురి చేతులు పడ్డ పనికి పేరు మాత్రం ఒకరికే రావడం మనకి కొత్తేం కాదు. తోడికోడళ్ళ మధ్య మాటలు పెరిగేది చాలాసార్లు ఆస్తుల దగ్గర కాదు, ఇదిగో ఈ పేరు దగ్గరే!

పాటలు కట్టి పాడే జట్లలోనూ ఇదే బాధ. విదేశాల్లో రాక్ సంగీతం జట్లలో వేదిక మీద నలుగురు కనిపించినా, రాయల్టీ డబ్బులో పెద్ద వాటా పాట రాసినవాళ్ళకీ, బాణీ కట్టినవాళ్ళకీ పోతుంది. ఒకడు మేడ కడతాడు, పక్కన డ్రమ్స్ వాయించినవాడు అద్దె ఇంట్లోనే ఉంటాడు. ఇంక గొడవలు రాక ఏమవుతాయి చెప్పండి?

అలాంటి లోకంలో ఓ నలుగురు కుర్రాళ్ళు ముందే ఒక చిన్న ఏర్పాటు చేసుకుని, 31 ఏళ్ళు కలిసి పనిచేసి, చివరికి నవ్వుతూ విడిపోయారు. ఆ జట్టు పేరు ఆర్.ఇ.ఎం. 'ఆల్టర్నేటివ్ రాక్' అనే సంగీతానికి అమెరికాలో దారి వేసినవాళ్ళలో వీళ్ళు ముందు వరసలో ఉంటారు. "రాక్ సంగీతమా? మనకెందుకమ్మా ఆ గోల!" అని పేజీ తిప్పేయకండి. నేను చెప్పబోయేది ఆ గోల గురించి కాదు, నలుగురు కలిసి మెలగడం గురించి.

పాత చర్చిలో మొదటి కచేరీ

అమెరికాలో జార్జియా రాష్ట్రం ఉంది కదా, మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడిన అట్లాంటా అక్కడే. అట్లాంటా నుంచి కారులో ఓ గంటన్నర వెళితే ఏథెన్స్ అనే ఊరొస్తుంది. యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి ఎటు చూసినా కుర్రకారే. అక్కడ పీటర్ బక్ అనే అబ్బాయి గ్రామఫోన్ రికార్డులమ్మే షాపులో పనిచేసేవాడు. ఆ షాపుకి వచ్చే మైకేల్ స్టైప్‌తో స్నేహం కలిసింది. మైక్ మిల్స్, బిల్ బెర్రీ అనే మరో ఇద్దరు మేకన్ అనే ఊళ్ళో స్కూల్లో చదివే రోజుల నుంచీ ఒకరికొకరు తెలుసు. విచిత్రమేమిటంటే, మొదట్లో వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదట!

ఈ నలుగురూ 1980 ఏప్రిల్ 5న ఒక స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో మొదటిసారి కలిసి వాయించారు. ప్రార్థనలు ఆగిపోయిన ఓ పాత చర్చిలో జరిగిందా పార్టీ. అందరిలో పెద్దవాడికి ఇరవై మూడేళ్ళు, చిన్నవాడికి ఇరవై. స్టైప్ పాట, బక్ గిటార్, మిల్స్ బేస్ గిటార్, బెర్రీ డ్రమ్స్. జట్టుకి పేరు కావాలంటే డిక్షనరీ తిరగేసి ఒక మాట పట్టుకున్నారు. మనం కలలు కనేటప్పుడు మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదులుతాయి చూశారూ, ఆ స్థితికి డాక్టర్లు పెట్టిన పొట్టి పేరే ఆర్.ఇ.ఎం.

ఇంతకీ ఆల్టర్నేటివ్ రాక్ అంటే? పెద్ద రేడియో స్టేషన్లు వేసే పాటల మూసలో ఇమడకుండా, కాలేజీ విద్యార్థులు నడుపుకునే చిన్న రేడియోల్లోనూ, చిన్న చిన్న హాళ్ళలోనూ వినిపించే సంగీతం అన్నమాట. వీళ్ళు ఒక వ్యాన్‌లో సామాన్లు వేసుకుని ఊరూరా తిరిగి వాయించారు. 1983లో 'మర్మర్' అనే మొదటి ఆల్బమ్ వచ్చింది. ఆ ఏడు మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ప్రపంచాన్ని ఊపేస్తోంది. అయినా 'రోలింగ్ స్టోన్' పత్రిక విమర్శకులు ఏడాదిలో మేలైన ఆల్బమ్‌గా 'మర్మర్'నే ఎంచారు.

రెండే రెండు నియమాలు

ఆ ఏర్పాటేమిటో ఇప్పుడు చెబుతాను వినండి. మొదటిది, బాణీ ఎవరికి తట్టినా, మాటలు ఎవరు రాసినా, పాట కింద నలుగురి పేర్లూ వేయాలి, అదీ అక్షరక్రమంలో. డబ్బు నాలుగు సమాన వాటాలు. రెండోది, నలుగురిలో ఏ ఒక్కరు "వద్దు" అన్నా ఆ పని మానేయాలి. "ముగ్గురం ఒప్పుకున్నాం, నువ్వొక్కడివీ కాదంటే ఎలా?" అనడానికి వీల్లేదు.

"ఎక్కువ పని చేసినవాడికి అన్యాయం కాదూ?" అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. వాళ్ళ పాటల సంగతి చూస్తే జవాబు దొరికింది.

1991లో వాళ్ళని ప్రపంచమంతటికీ తెలిసేలా చేసిన పాట 'లూజింగ్ మై రెలిజియన్'. పేరు చూసి మతం గురించి అనుకుంటారు గానీ, అమెరికా దక్షిణాదిలో అది "ప్రాణం విసిగిపోయింది, ఇంక ఓపిక లేదు" అనడానికి వాడే మాట. ఈ పాటకి ప్రాణం మాండలిన్. మాండలిన్ అంటే మనకి పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు గుర్తొస్తారు. ఆయన పసితనంలోనే దాని మీద కర్ణాటక సంగీతం పలికించారు. పీటర్ బక్ మాత్రం అప్పుడప్పుడే ఒకటి కొనుక్కుని, టీవీ చూస్తూ నేర్చుకుంటున్నాడు. టేప్ రికార్డర్ ఆన్ చేసి ఉంది. అలా వాయిస్తుండగా దొరికిందే ఆ బాణీ. ఆ పాట వీడియో తీసింది ఎవరనుకున్నారు? మన జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్! మన సినిమాల్లోలాగా కాస్త నాటకీయంగా, కలలాగా ఉండాలని తీశాడు. హిందూ దేవతల రూపాలూ కనిపిస్తాయి అందులో. 1991లో ఎంటీవీ ఆ ఏటి ఉత్తమ వీడియో బహుమతి దానికే ఇచ్చింది.

మరుసటి ఏడు వచ్చిన 'ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్' ఆల్బమ్ పేరు ఏథెన్స్‌లోని ఒక భోజన హోటల్ బోర్డు మీది మాట. గిరాకీలు ఏది అడిగినా ఆ హోటల్ యజమాని "ఆటోమేటిక్!" అనేవాడు, అంటే "ఇదిగో, సిద్ధం" అని. ఆయన అనుమతి తీసుకునే ఆ పేరు పెట్టుకున్నారు. ఈ ఆల్బమ్‌లోదే 'ఎవ్రీబడీ హర్ట్స్'. బాధ అందరికీ ఉంటుంది, ఓర్చుకోండి, వదిలేయకండి అని పిల్లలకి చెప్పే పాట. 1995లో బ్రిటన్‌లో ఆత్మహత్యల ఆలోచనలున్నవాళ్ళకి ఫోన్‌లో ధైర్యం చెప్పే 'సమారిటన్స్' సంస్థ, ఈ పాట మాటలనే తన ప్రకటనగా పత్రికల్లో వేసింది. ఆ పాటలో ఎక్కువ భాగం ఎవరిదనుకున్నారు? వెనకాల కూర్చుని డ్రమ్స్ వాయించే బెర్రీది!

చూశారా, ఒక ఏడు గిటార్ వాడిది, మరో ఏడు డ్రమ్స్ వాడిది. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ముందు ఎవరికి తెలుసు?

మా వీధిలో కొన్నేళ్ళ కిందట ఆరుగురు ఆడవాళ్ళు కలిసి ఊరగాయలు పెట్టి అమ్మారు. ముక్కలు కోసినవారొకరు, ఆవాలూ కారం దంపించినవారొకరు, పాళ్ళు చూసి కలిపినవారొకరు. సీసా మీద మాత్రం ఒక్కరి పేరే పడింది. రెండో వేసవి వచ్చేసరికి ఆరుగురిలో నలుగురు లేరు. లెక్కల్లో పైసా తేడా రాలేదండీ, అయినా విడిపోయారు.

ఒక్కడు వెళ్ళిపోతే

1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కచేరీ జరుగుతుండగా బెర్రీ కుప్పకూలిపోయాడు. మెదడులో ఒక రక్తనాళం ఉబ్బి వచ్చిన ప్రమాదం. వెంటనే ఆపరేషన్ చేయబట్టి బతికాడు. (ఉన్నట్టుండి ఎప్పుడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి వస్తే, అమృతాంజనం రాసుకుని పడుకోకండి. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళండి.) మే నెలకల్లా జట్టు మళ్ళీ బయల్దేరింది. ఆ ఏడాదే మిల్స్‌కి పొట్ట ఆపరేషన్, స్టైప్‌కి హెర్నియా ఆపరేషన్ కూడా అయ్యాయి.

1996లో వార్నర్ కంపెనీతో కొత్త ఒప్పందం కుదిరింది. దాని విలువ 8 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ఏడాది తిరిగిందో లేదో, 1997 అక్టోబరులో బెర్రీ "నేనింక మానేస్తాను" అన్నాడు. పేరూ, ప్రయాణాలూ ఇక వద్దనిపించింది. కానీ ఒక షరతు పెట్టాడు. తను వెళ్ళినందుకు జట్టు ఆగిపోయేటట్టయితే వెళ్ళనన్నాడు. మిగిలినవాళ్ళు సాగిస్తామంటేనే వెళతానన్నాడు. వాళ్ళు సరేనన్నారు. అతను ఏథెన్స్ దగ్గర పొలంలో పశువుల గడ్డి పండించుకునే రైతు అయ్యాడు.

మిగిలిన ముగ్గురికీ అది తేలిక కాలేదు. మూడు కాళ్ళ కుక్క కూడా కుక్కే, కాకపోతే పరుగెత్తడం మళ్ళీ నేర్చుకోవాలి అన్నాడు స్టైప్. 1998లో 'అప్' ఆల్బమ్ చేస్తుండగా జట్టు విడిపోయేదాకా వచ్చింది. 2004 నాటి 'అరౌండ్ ది సన్' బాగా రాలేదని తర్వాత బక్కే బాహాటంగా ఒప్పుకున్నాడు. వాటాలు సమానంగా ఉన్నంత మాత్రాన ప్రతి వంటా కుదరదు మరి! కానీ కుదరనప్పుడు "నీవల్లే" అని ఒకరి మీద తోసేసే వీలుండదు. 2008లో 'యాక్సిలరేట్'తో మళ్ళీ నిలదొక్కుకున్నారు.

కోర్టు గుమ్మం తొక్కని విడిపాటు

పదిహేనో ఆల్బమ్ విడుదలయ్యాక, 2011 సెప్టెంబరు 21న "ఇక చాలు" అని ప్రకటించారు. మనస్పర్థలు లేవు, లాయర్లు ఎదురెదురుగా నిలబడ్డం లేదు అని మిల్స్ రాశాడు. పంచుకోవడానికి గొడవేముంది? పంపకం ముప్పై ఏళ్ళ కిందటే అయిపోయింది కదా!

2024 జూన్‌లో పాటల రచయితలకిచ్చే 'సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్' గౌరవం వాళ్ళకి దక్కింది. నలుగురికీ కలిపి ఇచ్చారు, డ్రమ్స్ వాయించిన రైతుతో సహా. ఆ రాత్రి న్యూయార్క్‌లో నలుగురూ వేదిక ఎక్కి ఆ మాండలిన్ పాట పాడారు. నలుగురూ కలిసి అలా అందరి ఎదుటా పాడి పదిహేడేళ్ళయింది.

మీరు పొదుపు సంఘంలో ఉన్నా, అప్పడాల పని మొదలుపెడుతున్నా, అక్కచెల్లెళ్ళు కలిసి చీరల వ్యాపారం పెట్టాలనుకుంటున్నా ఒక్క పని చేయండి. మొదటి రూపాయి రాకముందే కూర్చుని వాటాలు కాయితం మీద రాసుకోండి. "వద్దు" అనే హక్కు అందరికంటే చిన్నామెకి కూడా ఇవ్వండి. డబ్బు వచ్చాక ఆ మాట ఎత్తడం ఎవరికైనా కష్టమే. సీసా మీద చీటీ అంటించేటప్పుడు చోటు చాలదని అనకండి. అక్షరాలు కాస్త చిన్నవి చేస్తే అందరి పేర్లూ పడతాయి.