చీమలు పట్టకపోయినా షుగరే

అపోహ: మూత్రానికి చీమలు పట్టకపోతే షుగరు లేనట్టే.

వాస్తవం: చీమలు పట్టడం పెద్దవాళ్లు కళ్లారా చూసిన లక్షణమే, అబద్ధం కాదు. కానీ అది బాగా ఆలస్యంగా బయటపడే లక్షణం. 100 మిల్లీలీటర్ల రక్తంలో గ్లూకోజు సుమారు 180 మిల్లీగ్రాములు దాటేదాకా మూత్రపిండాలు దాన్ని బయటికి పోనివ్వవు, తిరిగి రక్తంలోకే చేరుస్తాయి. ఆ హద్దు దాటాకే అది మూత్రంలోకి దిగి, నీటినీ వెంట తీసుకుపోతుంది. అతిమూత్రం, తీరని దాహం మొదలయ్యేది అప్పుడే. వయసు మళ్లినవారిలో ఈ హద్దు ఇంకా పైకి జరగొచ్చు. కానీ పరగడుపున 126 ఉంటే చాలు, అది షుగరే. ఏ బాధా తెలియకుండా ఏళ్లు గడిచిపోవచ్చు. ఈలోగా కళ్లు, పాదాల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ అధ్యయనంలో, కొత్తగా షుగరు బయటపడినవారిలో దాదాపు సగం మందికి అప్పటికే ఏదో ఒక అవయవం దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. అందుకే దాహం కోసం ఎదురుచూడటం ప్రమాదం.

అపోహ: మెడ నల్లబడితే అది మురికి.

వాస్తవం: పీచుతో ఎంత రుద్దినా పోని, మందంగా మఖమల్‌లా తగిలే నలుపు చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. చంకల్లోనూ కనిపిస్తుంది. సరిగా స్నానం చేయడం లేదని పిల్లల్ని తిట్టకండి, డాక్టరుకు చూపించండి. పదేపదే లేచే సెగ్గడ్డలు, త్వరగా మానని పుండు, అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, ఉన్నట్టుండి మసకబారే చూపు కూడా అనుమానించదగ్గవే. మర్మావయవాల దగ్గర దురద తరచూ వస్తున్నా సిగ్గుతో చాలామంది ఆడవాళ్లు చెప్పుకోరు. దయచేసి చెప్పండి.

అపోహ: సన్నగా ఉన్నవాళ్లకు రాదు.

వాస్తవం: పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోను ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించారు. ఎత్తు-బరువుల లెక్క అయిన బీఎంఐ ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. మన ఒంటి తీరు అది. కాళ్లూ చేతులూ సన్నగానే ఉన్నా కొవ్వు పొట్టలో దాక్కుంటుంది.

అపోహ: వేలిమీద గుచ్చి చూశాం, బాగానే ఉంది.

వాస్తవం: గ్లూకోమీటరు అంకెతో నిర్ధారణ చేయరు. ల్యాబులో పరగడుపు పరీక్ష గానీ హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష గానీ చేయించాలి. రెండోది 6.5 శాతం, ఆపైన ఉంటే షుగరు. రక్తహీనత ఉంటే ఈ లెక్క తప్పొచ్చు, ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. లక్షణాలేవీ లేకపోతే మరోసారి పరీక్షించాకే ఖాయం చేస్తారు. 30 దాటిన ప్రతివారూ ఒకసారి చూపించుకోవడం మేలు. అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగరుంటే అసలు వాయిదా వేయొద్దు.

అపోహ: పిల్లలకు షుగరేమిటి?

వాస్తవం: టైప్-1 రకం షుగరు ఏ వయసులోనైనా రావచ్చు, పైగా వారాల్లోనే ముదురుతుంది. పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ తడుపుతుంటే, తింటున్నా చిక్కిపోతుంటే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. దీనికి తోడు వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కనిపిస్తే అజీర్తి అనుకుని తెల్లారేదాకా చూడకండి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లి, ముందు షుగరు చూడమని అడగండి.