అవిభాజ్యం: వీలుకానిదా, కూడనిదా?

ఎస్సీ వర్గీకరణపై తరగతిలో చర్చ సాగుతుండగా ఒక విద్యార్థిని నన్ను అడిగింది: ‘‘షెడ్యూల్డు కులాలు అవిభాజ్యం అంటే విభజించడానికి వీలుకాదనా, విభజించకూడదనా?’’ జవాబు కోసం వ్యాకరణాన్ని ఆశ్రయించవలసి వచ్చింది.

‘అవిభక్తం’ అంటే ఇంతవరకు పంచుకోనిది. అవిభక్త కుటుంబం రేపు వేరుపడవచ్చు. ‘అవిభాజ్యం’ అటువంటిది కాదు. దానిలోని సంస్కృత ప్రత్యయం శక్యతనూ చెబుతుంది, అర్హతనూ చెబుతుంది. అందువల్ల పంచ వీలుకానిదీ అవిభాజ్యమే, పంచకూడనిదీ అవిభాజ్యమే. మొదటిది వస్తు స్వభావం, రెండవది ఎవరో చేసిన నిర్ణయం. నిర్ణయాన్ని స్వభావంగా చెలామణి చేయడానికి ఈ పదం చక్కగా ఉపకరిస్తుంది.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో దాయాదులు పంచుకోకూడని వాటి పట్టిక ఉంది. వస్త్రం, ఆభరణం, వండిన అన్నంతో పాటు నీరు, స్త్రీలు కూడా అందులో చేరారు. నీరంటే బావి వంటిదనీ, స్త్రీలంటే దాసీలనీ వ్యాఖ్యాతలు వివరించారు. అన్నదమ్ముల నడుమ అవిభాజ్యమైన నీరే ఊరికీ వాడకూ నడుమ విభాజ్యమైంది. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీరు తాగి అంబేడ్కర్ ధిక్కరించింది ఈ విభజననే. అదే ఏడాది డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని దహనం చేశారు.

2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్సీ రిజర్వేషన్లను ఎ, బి, సి, డిలుగా వర్గీకరిస్తూ చట్టం చేసింది. 341వ అధికరణ కింది కులాలన్నీ ఒకే వర్గమనీ, రాష్ట్రాలు వాటిని విడదీయరాదనీ 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. రెల్లి, మాదిగ, మాల వాడల మధ్య అంతరాలు తీర్పుతో మాసిపోలేదు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6:1 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ వర్గీకరణకు మళ్లీ చట్టరూపమిచ్చాయి.

వర్గీకరణతో దళిత ఐక్యత చీలుతుందన్న భయాన్ని నేను తేలికగా తీసుకోను. అంటరానితనపు అవమానం అందరికీ ఉమ్మడిదే. సీట్లు, ఉద్యోగాలు మాత్రం లెక్కకు అందేవి. ఎవరికి ఎన్ని దక్కాయో తేల్చగలిగినవి. ఆ లెక్క అడిగినవారిని ఐక్యతకు ద్రోహులనడం న్యాయం కాదు. వాటా అందనివారికి ఉమ్మడితనం మాటగానే మిగులుతుంది.

అందుకే ఆ విద్యార్థినితో అన్నాను: ‘‘అవిభాజ్యమనే మాట విన్నప్పుడల్లా రెండు సంగతులు అడగమ్మా. ఆ మాట అంటున్నది ఎవరు? పంచకుండా ఉంచినది ఎవరి చేతిలో ఉంది?’’