కమ్యూనిటీ ఫార్మసిస్టు

ఊళ్ళలోని మందుల దుకాణంలో ఉంటూ, ప్రజలకు మందులను, వాటిని వాడవలసిన విధానాన్ని నేరుగా అందించే అర్హత గల ఔషధ నిపుణుడిని కమ్యూనిటీ ఫార్మసిస్టు అంటారు. ఆసుపత్రులలోను, మందుల కర్మాగారాలలోను పనిచేసే ఫార్మసిస్టులు వేరు. వైద్యుడు రోగాన్ని నిర్ణయించి మందు వ్రాస్తాడు. ఆ మందు సరైనదే చేతికి అందిందా, సరైన మోతాదులో వాడుతున్నారా, మరొక మందుతో కలిసి హాని చేస్తుందా అని చూడవలసిన బాధ్యత ఫార్మసిస్టుది. వైద్యుడు దూరంగా ఉండే గ్రామీణ ప్రాంతాలలో ప్రజలు మొదట చేరేది మందుల దుకాణానికే కనుక ప్రజారోగ్యంలో ఇతని పాత్ర ముఖ్యమైనది.

చదువు, చట్టాలు

భారతదేశంలో మందుల నాణ్యతను, అమ్మకాలను పరిశీలించడానికి 1930లో కల్నల్ ఆర్.ఎన్.చోప్రా అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. ఆ తరువాత 1940లో ఔషధాల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షను ప్రకారం, వైద్యుని చీటీపై మందులు ఇచ్చే పని రిజిస్టరు అయిన ఫార్మసిస్టు మాత్రమే చేయాలి. 2015లో వెలువడిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి సలహా ఇవ్వడాన్ని కూడా ఫార్మసిస్టు విధులలో చేర్చాయి.

ఫార్మసిస్టు కావడానికి రెండేళ్ళ డి.ఫార్మసీ, నాలుగేళ్ళ బి.ఫార్మసీ కోర్సులు ఉన్నాయి. 2008లో ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సు మొదలయింది. రోగికి మందుల వాడకంలో తోడ్పడటమే ఈ కోర్సు ప్రధాన ఉద్దేశం.

జనాభా వెయ్యికి మించని గ్రామాలలో కొన్ని సాధారణ గృహవైద్య మందులను లైసెన్సు లేకుండానే అమ్మడానికి ఔషధ నిబంధనలలోని కె షెడ్యూలు కొన్ని షరతులతో వీలు కల్పించింది. యాంటీబయాటిక్కులు ఈ కోవలోకి రావు.

కరువు సీమలో అవసరం

నల్లమాడ శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ పంట వానపై ఆధారపడటం వలన, పంట పోయిన ఏడు చాలా కుటుంబాలు కూలికోసం బెంగుళూరు వంటి నగరాలకు వలస పోతాయి. పెద్ద వైద్యానికి కదిరి, పుట్టపర్తి, అనంతపురం వంటి పట్టణాలకు వెళ్ళాలి. బస్సు ఖర్చు, పోయే కూలి లెక్క చూసుకొనే మనిషి ముందుగా దగ్గరలోని మందుల షాపునో, ఆర్.ఎం.పి. వైద్యునో అడుగుతాడు. అక్కడ దొరికే సలహా మంచిదైతే మేలు జరుగుతుంది, కానిదైతే రోగం ముదురుతుంది. ఇటువంటి చోట ఫార్మసిస్టు చేయగల పనులలో ముఖ్యమైనవి ఇవి.

విరేచనాలు, వడదెబ్బ: పిల్లలకు విరేచనాలయినప్పుడు ప్రాణాపాయం ఎక్కువగా నీరు, లవణాలు పోవడం వలన కలుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఓ.ఆర్.ఎస్. పొడిలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. లీటరు పొట్లాన్ని మొత్తం ఒకేసారి లీటరు నీటిలో కలపాలి. సగం పొడిని గ్లాసులో కలిపితే లవణాలు ఎక్కువై హాని చేస్తాయి. కలిపిన నీటిని 24 గంటలలోపు వాడాలి. దీనితోపాటు ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 10 నుండి 14 రోజులు ఇవ్వాలి. ఓ.ఆర్.ఎస్. పేరుతో తీపి పానీయాలు కూడా అమ్ముడయ్యేవి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ కొన్నేళ్ళపాటు చేసిన పోరాటం తరువాత, పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

క్షయ: క్షయకు సాధారణంగా కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గడంతో కొందరు మానివేస్తారు, వలస వెళ్ళినవారికి మందు తెగిపోతుంది. అప్పుడు బ్యాక్టీరియా మందులకు లొంగని రూపం దాల్చే ప్రమాదం ఉన్నది. క్షయ మందులు కొన్నవారి వివరాలను మందుల దుకాణాలు కూడా ప్రభుత్వానికి తెలపాలని 2018లో ఉత్తర్వు వచ్చింది. నిక్షయ్ పద్ధతిలో నమోదైన రోగి వేరే ఊరిలోనైనా ప్రభుత్వ మందులను ఉచితంగా పొందవచ్చు. రెండు వారాలకు మించి దగ్గుతున్నవారికి సిరప్ అమ్మి పంపక, కఫ పరీక్షకు పంపడం ఫార్మసిస్టు చేయగల గొప్ప సేవ.

యాంటీబయాటిక్కులు: జలుబుకు, వైరస్ జ్వరాలకు ఇవి పనిచేయవు. అయినా రెండు మాత్రలు అడిగి కొనే అలవాటు ఉన్నది. 2014 మార్చి నుండి అమలులోకి వచ్చిన హెచ్1 షెడ్యూలు ప్రకారం, ఎంపిక చేసిన యాంటీబయాటిక్కులను, క్షయ మందులను అమ్మినప్పుడు రోగి, వైద్యుల వివరాలను ప్రత్యేక రిజిస్టరులో వ్రాసి మూడేళ్ళు భద్రపరచాలి. వైద్యుని చీటీ లేకుండా వాడరాదని తెలిపే ఎర్ర గీతను మాత్రల అట్టలపై గుర్తించేలా 2016లో ప్రచారం చేశారు.

నొప్పి మాత్రలు: అనంతపురం ప్రాంతంలో పలుచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. ఎముకలు, కీళ్ళు నొప్పులతో రోజూ మాత్రలు మింగేవారికి కాలక్రమంలో కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు రావచ్చు. ఎండలో పనిచేస్తూ నీరు తక్కువ త్రాగేవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. ఒకే మనిషి నెలనెలా అవే మాత్రలు కొంటున్న సంగతి వైద్యుని కంటె ముందు ఫార్మసిస్టుకే తెలుస్తుంది.

పిల్లల దగ్గు మందులు: 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో డైఇథిలిన్ గ్లైకాల్ కలిసిన దగ్గు సిరప్ త్రాగి పలువురు పిల్లలు మూత్రపిండాలు చెడి మరణించారు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని అదే సంవత్సరం అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. చంటిబిడ్డతో వచ్చిన తల్లికి ఈ మాట చెప్పవలసిన చోటు మందుల దుకాణమే.

నిల్వ: ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళలో, కరెంటు పోయే వేళల్లో ఇది తేలిక కాదు. ఇంటిలో ఫ్రిజ్ లేని రోగులు దానిని తడి గుడ్డ చుట్టిన మట్టికుండలో నీడపట్టున ఉంచవచ్చునని ఫార్మసిస్టు చెప్పాలి.

చేయకూడని పనులు

ఫార్మసిస్టు వైద్యుడు కాడు. రోగ నిర్ణయం చేయడం, సూదులు వేయడం, సెలైను ఎక్కించడం అతని పని కాదు. పాము కరచినవారికి ఏ మాత్రా ఇవ్వక, విరుగుడు మందు దొరికే ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే పంపాలి. ఎప్పుడు అమ్మకూడదో తెలియడం ఈ వృత్తిలో సగం విద్య.

సమస్యలు

కొన్ని దుకాణాలలో గోడపై ఒకరి సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది, మందులు మరొకరు ఇస్తుంటారు. సర్టిఫికెట్‌ను అద్దెకిచ్చే ఈ ఆచారం చట్టవిరుద్ధం. మరొక చిక్కు ఆదాయానికి సంబంధించినది. సలహాకు వేరే రుసుము లేదు కనుక, మందు అవసరం లేదని చెప్పిన ఫార్మసిస్టుకు నష్టమే మిగులుతుంది. 2008లో మొదలయిన జన ఔషధి దుకాణాలలో జెనరిక్ మందులు చౌకగా దొరుకుతాయి. పేరు మారినా మందు అదేనని నమ్మకం కలిగించవలసినది కూడా ఫార్మసిస్టే.

కోవిడ్ సమయంలో, 2020 ఏప్రిల్‌లో, జ్వరం, దగ్గు మందులు కొన్నవారి వివరాలు నమోదు చేయాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు దుకాణాలను కోరాయి. మందుల దుకాణం రోగ వ్యాప్తిని ముందుగా పసిగట్టే చోటు కాగలదని దీనివలన తెలిసింది.

ఇతర దేశాలలో

ఇంగ్లండులో ఫార్మసిస్టులు 2015 నుండి ప్రభుత్వ పథకం క్రింద ఫ్లూ టీకాలు వేస్తున్నారు. 2024 జనవరి నుండి ఏడు సాధారణ రుగ్మతలకు వైద్యుని చీటీ లేకుండానే చికిత్స చేసే అధికారం వారికి లభించింది. ఈ సేవలకు ప్రభుత్వమే రుసుము చెల్లిస్తుంది. అంతర్జాతీయ ఫార్మసీ సమాఖ్య 2009లో ఇస్తాంబుల్‌లో చేసిన నిర్ణయం మేరకు సెప్టెంబరు 25ను ప్రపంచ ఫార్మసిస్టుల దినంగా జరుపుతున్నారు.

ప్రజలు గమనించవలసినవి

* మందు కొన్నప్పుడు బిల్లు తప్పక తీసుకోవాలి.
* అట్టపై గడువు తేదీ చూడాలి. మాత్రలు విడిగా కత్తిరించి ఇస్తే, తేదీ ఉన్న ముక్కను అడగాలి.
* ఇప్పటికే వాడుతున్న మందులను, గర్భం, పాలివ్వడం వంటి విషయాలను ఫార్మసిస్టుకు చెప్పాలి.
* ఎన్ని రోజులు, తిండికి ముందా తరువాతా అని అడిగి తెలుసుకోవాలి.
* పాత చీటీతో, లేక పక్కింటివారి చీటీతో మందులు కొనరాదు.