మ్యాప్‌లో కొడల ఎందుకు ఎర్రబడింది?

మా నాన్న సేల్స్‌మన్. బరంపురంలో ఒక డీలరు దగ్గర పని. సబ్బులు, టీపొడి, బిస్కెట్లు లాంటి సరుకులకి కిరాణా కొట్లలో ఆర్డర్లు రాసుకొస్తారు. ఒక్కో సేల్స్‌మన్‌కి అప్పగించిన ఊళ్లని వాళ్లు ‘లైను’ అంటారు. పుస్తకాల్లో దాన్నే సేల్స్ టెరిటరీ అని రాస్తారు. కొడల, ఖల్లికోట, పొలసర, కవిసూర్యనగర్, ఇదీ నాన్న లైను.

దసరా అయ్యాక డీలరు ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. టీవీలో గంజాం జిల్లా మ్యాప్ కనిపిస్తుంది. ఎక్కువ అమ్మిన లైను పచ్చ, మధ్యరకం పసుపు, తక్కువ అమ్మినది ఎరుపు. కొడల లైను ఎర్రగా వచ్చింది. ఆ రాత్రి నాన్న అన్నం సరిగ్గా తినలేదు. “సగం ఊళ్లు ఇంకో కుర్రాడికి ఇచ్చేస్తారట అమ్మా” అన్నారు. ఊళ్లు తగ్గితే ఇన్సెంటివ్ తగ్గుతుంది. నా ఫీజు కట్టేది అందులోంచే.

పదిహేనేళ్లుగా ఎండనక వాననక తిరుగుతున్న మనిషికి ఆ రంగు ఎలా వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. అంకెలు మాత్రం లెక్క సులువుగా ఉండాలని గుండ్రం చేశాను.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ మూడు పనులు చేస్తుంది. బిల్లు మీదున్న ఊరిని మ్యాప్‌లో వెతుకుతుంది. ఒక లైనులోని బిల్లులన్నీ కూడుతుంది. ఆ మొత్తాలని పోల్చి రంగు వేస్తుంది. మూడింటిలో ఎక్కడైనా తేడా రావచ్చు.

మొదటిది ఊరి పేరు. కవిసూర్యనగర్ పాత పేరు బోయిరాణి. ఒడియా కవి కవిసూర్య బలదేవ రథ్ పేరు మీద కొత్త పేరు వచ్చింది. మా అమ్మ వాళ్లు ఒడియా వాళ్లు. అమ్మమ్మ ఇప్పటికీ బోయిరాణి అనే అంటుంది. కొందరు కొట్టువాళ్లూ బిల్లులో అదే రాయిస్తారు. సాఫ్ట్‌వేర్‌కి ఆ పేరు తెలీదు. అలా 30,000 రూపాయల బిల్లులు ‘దొరకని అడ్రసులు’ అనే జాబితాలో పడి ఉన్నాయి. ఆ జాబితా ఎవరూ తెరిచి చూడలేదు.

నేను ఇంట్లో ప్రయత్నించినప్పుడు ఇంకో తమాషా జరిగింది. పిన్‌కోడ్ లేని ఒక బరంపురం అడ్రసు ఏకంగా పశ్చిమ బెంగాల్‌కి వెళ్లిపోయింది! ముర్షీదాబాద్ జిల్లాలోనూ ఇంగ్లీషులో దాదాపు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది ఇలాంటి తికమక తప్పించడానికే. గంజాం వైపు పిన్‌కోడ్లు 760, 761తో మొదలవుతాయి, ఆ ఊరిది 742తో. ఆరంకెలు రాస్తే చాలు, పొరపాటు రాదు.

రెండోది కూడిక. ఆఫీసు మ్యాప్ ప్రకారం కొడల లైను అమ్మకం 2,10,000. బోయిరాణి బిల్లులు కలిపితే 2,40,000. బరంపురం టౌను లైను 4,80,000. చూడగానే టౌను సేల్స్‌మన్ రెట్టింపు పనిమంతుడు అనిపిస్తుంది. కానీ టౌను లైనులో కొట్లు 120, నాన్న లైనులో 40. భాగిస్తే టౌనులో కొట్టుకి 4,000, కొడల లైనులో 6,000. మొత్తం చూస్తే నాన్న వెనక, కొట్టు లెక్కన చూస్తే ముందు.

ఇలా అంకెల్ని బట్టి ప్రాంతాలకి రంగు వేయడం కొత్తదేం కాదు. 1826లో ఫ్రాన్స్‌లో చార్లెస్ డ్యుపాన్ అనే ఆయన ఏ ప్రాంతంలో చదువు ఎంతుందో చూపిస్తూ లేత నుంచి ముదురు దాకా ఛాయలు వేసి మ్యాప్ తయారుచేశాడు. ఆయన కూడా బడిపిల్లల మొత్తం వేయలేదు, అక్కడి జనాభాతో పోల్చి వేశాడు. అంత పాత జాగ్రత్త మన కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఎందుకు లేదంటే, ఆ లెక్క కావాలని ఎవరూ దాన్ని అడగలేదు.

మూడోది రంగు మారే గీత. ఆ సాఫ్ట్‌వేర్ అన్నిటికన్నా తక్కువ, అన్నిటికన్నా ఎక్కువ అమ్మకాలు తీసుకుని మధ్య దూరాన్ని మూడు సమాన ముక్కలు చేసింది. 2,10,000 నుంచి 3,00,000 దాకా ఎరుపు, 3,90,000 దాకా పసుపు, ఆ పైన పచ్చ. 2,99,000 అమ్మినవాడు ఎరుపు, 3,01,000 అమ్మినవాడు పసుపు! ఇంకో సంగతి. ఈ పద్ధతిలో అందరూ బాగా అమ్మినా చివరి లైను ఎర్రగానే ఉంటుంది. ఎరుపు అంటే అక్కడ ‘పని బాగోలేదు’ అని కాదు, ‘వరసలో చివర’ అని మాత్రమే.

ఇదంతా చెబితే నాన్న మొహం కాస్త తేటబడింది. నేను మాత్రం అక్కడితో ఆగలేదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు వీధుల మ్యాప్ మీద చనిపోయినవాళ్ల ఇళ్ల దగ్గర గుర్తులు పెట్టాడు. అవి ఎక్కువగా బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపు చుట్టూ కనిపించాయి. ప్రాంతమంతా రంగు పూస్తే తెలియనిది చుక్కలు పెడితే తెలుస్తుంది. నాన్న వారం రోజులు ప్రతి కొట్టు ముందూ నిలబడి ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేశారు. నేను వాటిని ఎక్సెల్ షీటులో రాసి గూగుల్ మై మ్యాప్స్‌లో వేశాను. దానికి డబ్బులు కట్టక్కర్లేదు.

నలభై చుక్కలు వచ్చాయి. కొడల నుంచి పొలసర వెళ్లే దారిలో మాత్రం ఒక్కటీ లేదు.

“ఇక్కడ కొట్లు లేవా నాన్నా?”

నాన్న కాసేపు మాట్లాడలేదు. “ఉన్నాయి, ఏడెనిమిది. పొలసరలో కొట్లు కట్టేస్తారన్న తొందరలో ఆగను” అన్నారు.

ఎరుపు చెప్పింది తప్పే. అలాగని నాన్నది అంతా ఒప్పూ కాదు.

ఆ రెండు కాగితాలూ, కొట్టు లెక్కదీ చుక్కలదీ, నాన్న డీలరుకి చూపించారు. ఖాళీ దారి ఉన్న కాగితం తీసుకెళ్లొద్దని నేనే అన్నాను, ఆయన వినలేదు. ఆ నెల ఇన్సెంటివ్ రాలేదు. లైను మాత్రం మూడు నెలల దాకా కదపమన్నారు. ఇప్పుడు బుధవారాలు నాన్న ఒక గంట ముందే బయల్దేరుతున్నారు.

ఎన్నికలప్పుడూ పరీక్షా ఫలితాలప్పుడూ పేపర్లో రంగుల మ్యాప్‌లు మనమూ చూస్తాం. ఈసారి చూసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. లెక్కలోకి రాకుండా పోయింది ఏమిటి? మొత్తమా, దేనితోనైనా భాగించారా? రంగు మారే గీత ఎక్కడ గీశారు? చుక్కల మ్యాప్ చేయడం నేర్చుకోవాలంటే శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబ్‌కి రండి, చూపిస్తాను. మీ ఊరి అడ్రసులు పిన్‌కోడ్‌తో సహా రాసుకొస్తే మేలు.

— ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని